పూడిక తీశామంటున్నారు, గెడ వేస్తే అదే లోతు. ఎవర్ని అడగాలి?

శివారు_మూడెకరాలు (మే 27)
మాది కోనసీమలో ఒక శివారు ఊరు. పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే టీ కొట్టు దగ్గర నా పోస్టు నాకే చదివి వినిపిస్తారు. సొంతం మూడెకరాలు, కౌలుకి ఇంకో రెండు చేస్తున్నా.

ఏప్రిల్‌లో కాలువకి నీళ్ళు కట్టేశారు. మా పంట కాలువ మీద చిన్న కల్వర్టు ఉంది. నీళ్ళు ఆపిన నాలుగో రోజున ఊరికే కుతూహలం కొద్దీ పిట్టగోడ మీంచి వెదురు గెడ దింపి కొలిచాను. గోడ పైనుంచి అడుగు మట్టి దాకా ఏడడుగుల మూడంగుళాలు. గెడ మీద మేకుతో గీత పెట్టుకున్నా. మే మూడో వారంలో పొక్లెయిన్ వచ్చింది. ఒకటిన్నర రోజు ఉంది, తూటికాడ పీకి గట్టు మీద పడేసింది, వెళ్ళిపోయింది. నిన్న మళ్ళీ గెడ వేశాను. ఏడడుగుల నాలుగంగుళాలు.

కిలోమీటరు పొడవునా అడుగు లోతు పూడిక తీసినట్టు బిల్లు పెడుతున్నారని నిన్న సాయంత్రమే తెలిసింది. జూన్ మొదటి వారంలో నీళ్ళు వదులుతారు. వదిలాక కాలువ అడుగు ఎవరికి కనపడుతుంది?

ఇంకో ఇరకాటం ఉంది. ఈ పని చేయించింది మా రైతుల నీటి సంఘం, దాని అధ్యక్షుడు మా పెదనాన్న గారి అబ్బాయే. అన్నయ్యా అని పిలుస్తాను, పండక్కి వాళ్ళింట్లోనే భోజనం. ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి? గొడవ లేకుండా అయ్యే దారుంటే ముందు అది చెప్పండి.

భీమారం_బుల్లోడు
ఒక అంగుళం తీశారుగా. పదకొండు అంగుళాలు బాకీ రాసుకోండి.

ఉప్పుగాలి
మీకు పొక్లెయిన్ అయినా వచ్చింది. మాకు పోయినేడు ఫొటోలో మాత్రమే వచ్చింది. అదీ పక్కూరి కాలువలో దిగిన ఫొటో, వెనకాల వాళ్ళ రామాలయం గోపురం కనపడుతూ.

పాత_ఎంబుక్
ఈ నీటిపారుదల శాఖలోనే ముప్పై ఒక్క ఏళ్ళు చేసి దిగాను కాబట్టి రాస్తున్నా.

ముందు మీ గెడ సంగతి. ఒక్క చోట వేసిన గెడ సాక్ష్యం కాదండి. కల్వర్టు కింద యంత్రం చెయ్యి ఆడదు, అక్కడ తీయకుండా వదిలేయడం మామూలే. కల్వర్టుకి ఎగువన, దిగువన, పొడుగునా పది చోట్ల వేయండి. మట్టి మెత్తగా ఉంటే గెడ దిగిపోయి తప్పు లెక్క వస్తుంది, అందుకని అడుగున అరచేయంత చెక్క కొట్టండి.

ఇక పద్ధతి. పూడిక తీయకముందు కాలువ పొడుగునా లెవెల్స్, అంటే అడుగు మట్టం కొలతలు తీస్తారు, తీశాక మళ్ళీ తీస్తారు. రెండింటికీ ఉన్న తేడాయే తీసిన మట్టి. అది ఎం బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కుతుంది. ఏఈ (కింది ఇంజనీరు) రాస్తాడు, పై ఇంజనీరు డీఈ చెక్ మెజర్‌మెంట్ (సరిచూసే కొలత) చేస్తాడు, ఆ తర్వాతే బిల్లు. ఇందులో లోపం లేదు. లోపమంతా తారీఖుల్లో ఉంది. కాలువ ఏప్రిల్‌లో కడతారు. అంచనాలు పైకి వెళ్ళి, మంజూరై, అగ్రిమెంటు అయ్యేసరికి మే సగం దాటుతుంది. చేతిలో మిగిలేది పది పన్నెండు రోజులు. ఈలోగా నీళ్ళు వచ్చేస్తాయి. నీళ్ళొచ్చాక రెండో లెవెల్ ఎక్కడ తీస్తారు? ఆఫీసు బల్ల మీద తీస్తారు. ఒక ఏడాది నేనూ అలా తీశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. మార్చిలో బదిలీ తప్పించుకున్నాను, జూన్‌లో సంతకం పెట్టాను, అంతే.

మీరు దొంగతనం అనే మాట ఎత్తకండి. "నీళ్ళు రాకముందు రెండో లెవెల్ మా ఎదురుగా తీయండి" అని ఒక్క ముక్క అడగండి.

లెక్కల_మాస్టారు
కాలువ అడుగు వెడల్పు ఎంత?

శివారు_మూడెకరాలు
మూడు మీటర్లుంటుందండి.

లెక్కల_మాస్టారు
3 మీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు, 1000 మీటర్ల పొడవు. 900 క్యూబిక్ మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకి మూడు క్యూబిక్ మీటర్లు వేసుకున్నా 300 ట్రక్కులు. 300 ట్రక్కుల మట్టి ఏ ఊళ్ళో పోసినా దాగదు. లెవెల్స్ తర్వాత, ముందు ఆ మట్టి ఎక్కడుందో చూడండి.

భీమారం_బుల్లోడు
ఎవరో ఇంటి మెరకకి పోయుంటుంది. మా వైపు కాలువ మట్టికి ఉన్న గిరాకీ పెళ్ళికొడుక్కి లేదు.

పాత_ఎంబుక్
మాస్టారి లెక్క బాగుంది, కానీ ఈ పనుల్లో మట్టి ట్రక్కుల్లో పోదు, గట్టు మీదే వేస్తారు. అలా వేసినా కనపడాలి. మీటరు పొడవుకి 0.9 క్యూబిక్ మీటర్లు, రెండు మీటర్ల గట్టు మీద పరిస్తే మోకాలెత్తు వస్తుంది. మీ గట్టు మోకాలెత్తు పెరిగిందా?

శివారు_మూడెకరాలు
తూటికాడ ఎండిపోయి ఉంది. మట్టి చీలమండ దాకా కూడా లేదు, అదీ అక్కడక్కడా.

మాజీ_అధ్యక్షుడు
అందరూ అధ్యక్షుణ్ణి ఉతికేస్తున్నారు కాబట్టి నేనూ ఒక మాట. ఒకప్పుడు మా నీటి సంఘానికి నేనే. పని ఇచ్చేటప్పుడు కాగితం ఇస్తారు, డబ్బు ఇవ్వరు. పెట్టుబడి మనది. గుర్రపు డెక్క తీయించడానికి మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టాను. బిల్లు రెండేళ్ళకి వచ్చింది, వడ్డీ నా జేబులోంచి పోయింది. మధ్యలో బిల్లు కదలడానికి ఎవరెవరికి ఏమేం ఇచ్చానో రాయను. మరుసటేడు నేనేం చేస్తాను చెప్పండి? వంద రూపాయల పని డెబ్భైకి చేస్తాను. నేను మంచివాణ్ణని అనడం లేదు. బిల్లు నెలలో వచ్చేదయితే ఇందులో సగం జరగదు అంటున్నా.

ఉప్పుగాలి
డెబ్భైకి చేస్తే దండం పెడదుము. ఇక్కడ పన్నెండు అంగుళాలకి ఒకటి తీశారు, ఎనిమిది రూపాయల పని.

మాజీ_అధ్యక్షుడు
దానికి సమాధానం నా దగ్గర లేదు.

లాకుల_గట్టు
సమాచార హక్కు దరఖాస్తు వేయండి. డివిజన్ ఆఫీసుకయితే 10 రూపాయలు. అంచనా కాపీ, అగ్రిమెంటు, ముందు లెవెల్స్, తర్వాత లెవెల్స్, ఎం బుక్ పేజీలు, బిల్లు. పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ఇంకోటి చాలామందికి తెలియదు. 2005 చట్టంలో సెక్షన్ 2(జె) ప్రకారం కాగితాలే కాదు, పనిని స్వయంగా వెళ్ళి చూసే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఉంది. "ఫలానా పని తనిఖీకి తేదీ ఇవ్వండి" అని రాయండి.

గంటి_గోపి
రాసేస్తారు. రాసిన రోజు సాయంత్రానికి మీ పేరు అవతలివాడి ఫోన్‌లో ఉంటుంది. నేను రోడ్డు పని గురించి వేస్తే మూడో రోజున మా ఇంటికి పెద్దమనుషులు వచ్చారు. కొట్టలేదు, తిట్టలేదు. కాఫీ తాగి, "మీ నాన్నగారు ఎంత మంచివారు" అని వెళ్ళారు. ఆ రాత్రి మా అమ్మ పడుకోలేదు.

లాకుల_గట్టు
వాపసు తీసుకున్నారా?

గంటి_గోపి
తీసుకున్నా. అందుకే చెబుతున్నా, ఒక్కళ్ళు వేయకండి. పదిమంది పది దరఖాస్తులు వేస్తే పదిళ్ళలో కాఫీ తాగాలి, కడుపుబ్బరం వస్తుంది.

హైదరాబాదు_గోదారోడు
నాకు అర్థం కానిది, ఇంకా గెడలేమిటి? ప్రతి తూము దగ్గరా సెన్సర్ పెట్టి క్యూసెక్కులు యాప్‌లో చూపిస్తే అయిపోతుందిగా. డ్రోన్‌తో లెవెల్ తీయొచ్చు. పారదర్శకత దానంతట అదే వస్తుంది.

లష్కరు_కొడుకు
బాబాయ్, ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి, దించడానికి ఎత్తడానికి మనుషులున్నారు. మా తూముకి తలుపే లేదు. తలుపు ఉన్న తూముకి చక్రం లేదు. చక్రం ఉన్న చోట తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. సెన్సర్ పెడితే దాన్ని కాయడానికి ఇంకో లష్కరు (కాలువ, తూములు చూసే మనిషి) కావాలి.

హైదరాబాదు_గోదారోడు
సరే ఒప్పుకున్నా. కానీ ధవళేశ్వరం దగ్గర ఏ డెల్టాకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో రోజూ పేపర్లో వస్తుంది కదా. పది లక్షల ఎకరాల ఆయకట్టుకి పైన లెక్క ఉంది, కింద లేదు. ఆ మధ్యలోనే అంతా జరుగుతోంది.

లష్కరు_కొడుకు
ఆ మాట నిజం. మధ్యలో ఏం జరుగుతుందో నేను చెబుతా, మా నాన్న లష్కరుగా చేశాడు. చీకటి పడ్డాక ఎగువ రైతు వచ్చి "రెండు గంటలు తలుపు ఎత్తు" అంటాడు. ఎత్తకపోతే తనే ఎత్తేస్తాడు, పొద్దున్న శివారు రైతులు మా నాన్న చొక్కా పట్టుకుంటారు. కోతలప్పుడు కళ్ళంలో ఒక్కొక్కరు ఇంత అని మేర (చేసిన పనికి ధాన్యం) ఇచ్చేవారు. పెద్ద రైతు బస్తా ఇచ్చేవాడు, చిన్న రైతు రెండు కుంచాలు. బస్తా ఇచ్చినవాడి బోదె (పిల్లకాలువ) ఎప్పుడూ ఎండలేదు. ఇది లంచమా, మేరా? నాకు ఇప్పటికీ తేలలేదు. జీతం నెలల తరబడి రాకపోతే ఆ బియ్యమే మేం తిన్నాం.

లాకుల_గట్టు
అందరూ ఒకే లెక్కన ఇస్తే మేర. ఇచ్చినదాన్ని బట్టి నీళ్ళొస్తే లంచం.

లష్కరు_కొడుకు
మా నాన్న పేరు మీద తీర్పు ఇచ్చేసినట్టున్నారు.

లాకుల_గట్టు
అయ్యో, ఆయన్ని అనలేదు తమ్ముడూ. జీతం ఇవ్వకుండా తాళం చేతికిచ్చినవాళ్ళని అన్నాను.

దాళ్వా_లక్ష్మి
మగాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి నేను కూచున్నా. రెండెకరాల పాసుపుస్తకం నా పేరు మీద ఉంది. 2024 డిసెంబరులో నీటి సంఘం ఎన్నికలు జరిగాయి కదా, చెయ్యి ఎత్తింది మాత్రం మా ఆయన. నన్నెవరూ పిలవలేదు, నేను అడగలేదు. పది నిమిషాల్లో ఏకగ్రీవం, స్వీట్లు కూడా ముందే కొన్నారట.

అసలు ఈ నీటి సంఘాల చట్టం 1997ది. మొదటిసారి ఎన్నికలు పెట్టినప్పుడు రాష్ట్రమంతా కలిపి పదివేలకు పైగా సంఘాలొచ్చాయి. మా నాన్నగారు అప్పట్లో ఒక టీసీ (సంఘం పరిధిలో ఒక భాగం) సభ్యుడు, అందుకే గుర్తుంది. సంఘం ఏం చేయాలో అందులో వరసగా రాసి ఉంది. వంతుల పట్టిక వేయాలి, లెక్కలు రాయాలి, ఏటా ఆడిట్ చేయించాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి, నీటి బడ్జెట్ వేయాలి, సామాజిక తనిఖీ కూడా చేయాలి. కొత్తగా పోరాడి తెచ్చుకోవలసింది ఏమీ లేదు. సర్వసభ్య సమావేశం పెట్టమని అడగండి చాలు. మా ఊళ్ళో చివరిసారి ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు, మినిట్స్ పుస్తకంలో మాత్రం నిరుడు పెట్టారు.

కౌలు_బతుకు
అదంతా పాసుపుస్తకం ఉన్నవాళ్ళకి. మా వైపు ఎక్కువ మంది కౌలుదారులం. రికార్డులో కౌలుదారుగా ఉంటే సంఘంలో సభ్యత్వం యజమానికి కాదు, కౌలుదారుకే అని చట్టం అంటుంది. రికార్డులో ఎవరున్నారు? కౌలు కార్డుకి సంతకం పెట్టమంటే "భూమి రాసిమ్మంటున్నావా" అంటారు. కాలువ ఎండితే ఎండేది నా నారుమడి. చెయ్యి ఎత్తేది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామి.

హైదరాబాదు_గోదారోడు
నన్ను చూసి అన్నారా?

కౌలు_బతుకు
మీకు పొలం ఉందా?

హైదరాబాదు_గోదారోడు
...ఎకరంన్నర. కౌలుకిచ్చాం.

భీమారం_బుల్లోడు
యాప్ సంగతి తర్వాత, ముందు కార్డు మీద సంతకం పెట్టు గురూ.

చెరువు_గట్టు
నీళ్ళ దొంగతనం అనగానే చివరికి మా మీదికే వస్తారని తెలుసు, ముందే చెబుతున్నా. నేను రొయ్యల చెరువు చేస్తాను. వరికి సార్వాలో (మొదటి పంట) ఎకరానికి 200, దాళ్వాకి (రెండో పంట) 150 నీటి తీరువా. మాకు 500. కట్టే వాళ్ళం ఉన్నాం.

ఉప్పుగాలి
కట్టి ఏం చేస్తారు, కాలువ గట్టు కింద పైపు వేస్తారు. మా ఎగువన మూడున్నాయి. నోటికి గోనెసంచి కుక్కి పెడతారు, రాత్రి తీస్తారు. ఎనిమిదంగుళాల పైపు. నేను చెయ్యి పెట్టి చూశాను.

చెరువు_గట్టు
పైపు వేసింది చెరువు వాళ్ళే అని ఎలా తెలుసు? మా గట్టున వరి రైతుకీ ఉంది పైపు.

ఉప్పుగాలి
వరి రైతు నీళ్ళు తీసుకుంటాడు గానీ తిరిగి కాలువలోకి వదలడు. మీ ఉప్పు నీళ్ళు అదే కాలువలోకి వస్తాయి, దాంట్లోంచే మా మంచినీటి చెరువు నింపుతారు. కాలువ కట్టేముందు చెరువు నింపుకుని ఏప్రిల్, మే నెలలు తాగుతాం. ఈ ఏడాది కాచిన పాలు విరిగిపోయాయి.

చెరువు_గట్టు
అది తప్పే. మురుగు కాలువలోకి వదలాలి. అనుమతి లేని చెరువులు మా మధ్యే ఉన్నాయి, వాళ్ళ పేర్లు మాకూ తెలుసు. చెప్పం. మీ ఊళ్ళో పైపుల వాళ్ళ పేర్లు మీరు చెబుతారా?

ఉప్పుగాలి
ఒకటి మా మేనమామది.

మురుగు_రాజు
ఈ చర్చంతా నీళ్ళు రావడం గురించే. డెల్టాలో నీళ్ళు రావడం కంటే పోవడం కష్టం. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు కారణాల్లో ధర, కూలీలతో పాటు ముంపు కూడా ఉంది. మోహన్ కందా కమిటీ వేశారు. అంతకుముందు 1960ల్లోనే మిత్రా కమిటీ వచ్చి డెల్టా మురుగు గురించి చెప్పి వెళ్ళింది, 1968లో డ్రెయినేజీ సెస్సుకి చట్టం కూడా చేశారు. మా తాత కట్టాడు, మా నాన్న కట్టాడు. నేను అక్టోబరు వానకి పొట్ట మీదున్న చేలో నడుము లోతు నీళ్ళలో నించుంటున్నా. పంట కాలువలో పూడిక తీయకపోతే కనీసం ఎండుతుంది, తెలుస్తుంది. మురుగు కాలువలో తీయకపోతే తుపాను వచ్చేదాకా తెలియదు. అప్పుడు తుపాను మీదికి తోసేస్తారు.

పాత_ఎంబుక్
మురుగు_రాజు గారిది అసలు మాట. మురుగు కాలువ ఎప్పుడూ ఎండదు, కాబట్టి అక్కడ ముందు లెవెల్ కూడా నీళ్ళలోనే తీయాలి. ఏ పని కొలవడం కష్టమో ఆ పని మీదే అందరికీ ఆసక్తి.

ఇంకొకటి. 1982లో రాబర్ట్ వేడ్ అనే ఆయన దక్షిణ భారతంలో కాలువల శాఖ మీద ఒక వ్యాసం రాశాడు. కింద వసూలైన డబ్బు పైకి ఎలా వెళ్తుందో, మంచి పోస్టుకి ఇంజనీరు ముందే ఎలా చెల్లించుకుంటాడో వివరంగా ఉంటుంది. చదివినప్పుడు మా ఆఫీసు మెట్లెక్కి రాశాడా అనిపించింది. లష్కరు దగ్గర మేర పట్టుకుని ఇదే అవినీతి అంటే నవ్వొచ్చేది.

గంటి_గోపి
మరి మీరు చెల్లించారా సార్?

పాత_ఎంబుక్
పైన రాశాను కదా, బదిలీ తప్పించుకున్నానని. ఉత్తినే తప్పుతుందా.

దాళ్వా_లక్ష్మి
శివారు గారూ, ఏమైంది? మమ్మల్ని కొట్టుకోమని వదిలేసి వెళ్ళిపోయారు.

శివారు_మూడెకరాలు (జూన్ 3)
మూడు రోజులు ధైర్యం చాల్లేదు. మొన్న రాత్రి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఫిర్యాదు అనలేదు. "రెండో లెవెల్ రైతుల ఎదురుగా తీయిస్తే నీ మీద రేపు ఎవడూ నోరెత్తడు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. వదిన మజ్జిగ తెచ్చింది. చివరికి "గెడ వేసింది నువ్వేనా" అన్నాడు. అవునన్నాను. "నాకు ముందే తెలుసు" అన్నాడు.

ఈ పొద్దున్న ఏడింటికి వర్క్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, ముందు లెవెల్స్ కాగితం తెచ్చాడు. రైతులం పద్నాలుగు మందిమి. నలుగురు ఆడవాళ్ళు, అందులో మా అమ్మ ఒకర్తి. గెడకి చెక్క కొట్టాం పాత_ఎంబుక్ గారు చెప్పినట్టు. పది చోట్ల దింపాం. పైన అయిదు చోట్ల ఎనిమిది నుంచి పది అంగుళాలు తీసినట్టే ఉంది. బకెట్ పళ్ళ గుర్తులు బురదలో ఇంకా ఉన్నాయి, వరసగా, దువ్వెనతో గీసినట్టు. మా కల్వర్టుకి ఎగువన కొద్ది దూరంలో ఆ గుర్తులు ఆగిపోయాయి. అక్కణ్ణించి కిందికి అయిదు చోట్లా ఏమీ లేదు. పాత బురద, పాత నత్తగుల్లలు.

అంటే నేను అనుకున్నంత దొంగతనమూ కాదు, వాళ్ళు చెప్పినంత పనీ కాదు.

అన్నయ్య డీజిలు, డబ్బు, టైము అని ఏవో చెప్పాడు. "మిగతాది చేయిస్తా" అన్నాడు. ఎప్పుడని మా అమ్మ అడిగింది. రేపు నీళ్ళు వదులుతున్నారు.

భీమారం_బుల్లోడు
పైన తీసి కింద వదిలేస్తే నీళ్ళు మీ కల్వర్టు దాకా పరిగెత్తుకొచ్చి అక్కడ కూచుంటాయి.

పాత_ఎంబుక్
కొలతలు ఎక్కడైనా రాశారా? నోటి మాట లెక్కలోకి రాదు.

శివారు_మూడెకరాలు
పది కొలతలూ నోటు పుస్తకంలో రాసి పద్నాలుగు మంది సంతకాలు పెట్టాం. ఇన్‌స్పెక్టర్ పెట్టలేదు. కల్వర్టు రెక్కగోడ మీద ఎర్ర రంగుతో ఈ రోజు మట్టం గీత వేశాం, పక్కన తారీఖు. అన్నయ్యే రంగు డబ్బా తెప్పించాడు.

దాళ్వా_లక్ష్మి
ఇన్‌స్పెక్టర్ పెట్టకపోవడం బాలేదు.

మాజీ_అధ్యక్షుడు
పెడితే అతని ఉద్యోగం మీదికి వస్తుంది. అవుట్‌సోర్సింగ్ మనిషి అయ్యుంటాడు.

లాకుల_గట్టు
ఇప్పుడు దరఖాస్తు కూడా వేయండి. కొలత మీ దగ్గరుంది, వాళ్ళేం రాశారో చూడాలి కదా.

శివారు_మూడెకరాలు (జూన్ 6)
వేశాం. ఒకటి మా అమ్మ పేరు మీద, ఎకరంన్నర ఆమె పట్టాయే. ఇంకో ఆరుగురు విడివిడిగా వేశారు. గోపి గారు చెప్పిన కాఫీ లెక్క నచ్చింది వాళ్ళకి.

గంటి_గోపి
ఎవరైనా వచ్చారా?

శివారు_మూడెకరాలు
ఇంకా రాలేదు. అమ్మ కాఫీ పొడి తెప్పించింది.

కౌలు_బతుకు
ఆ పద్నాలుగు మందిలో కౌలుదారులు ఎందరు?

శివారు_మూడెకరాలు
తొమ్మిది మంది. దరఖాస్తు వేసిన ఏడుగురిలో ఒక్కడే. మిగతావాళ్ళు ఆసామికి తెలిస్తే వచ్చే ఏడాది చేను ఇవ్వడని ఆగిపోయారు.

కౌలు_బతుకు
ఊ.

హైదరాబాదు_గోదారోడు (జూన్ 19)
మధ్యలో దూరుతున్నా. పోయిన ఆదివారం ఊరెళ్ళి మా కౌలు రైతు కార్డు కాగితం మీద నాన్న చేత సంతకం పెట్టించా. ఆయన ఇంకా నాతో మాట్లాడ్డం లేదు. ఊరికే చెబుతున్నా.

భీమారం_బుల్లోడు
యాప్ కంటే బాగుంది.

శివారు_మూడెకరాలు (జూలై 8)
కాగితాలొచ్చాయి. 38 పేజీలు, 76 రూపాయలు. అంచనా, అగ్రిమెంటు, లెవెల్స్, ఎం బుక్. ఆఫీసులో గుమస్తా మర్యాదగానే ఇచ్చాడు, "ఏడుగురికీ అవే పేజీలండి, ఒకళ్ళు తీసుకుని జిరాక్స్ చేసుకోవచ్చుగా" అన్నాడు.

ఎం బుక్‌లో పొడవు దగ్గర 1000 అని రాసి, కొట్టేసి, పైన 560 మీటర్లు అని ఉంది. పక్కన పొట్టి సంతకం. అంటే బిల్లు సగానికి తగ్గించారు. మేం కొలిచినదానికి దాదాపు సరిపోతుంది.

కానీ రెండో లెవెల్ తీసిన తారీఖు జూన్ 9 అని ఉంది. మా కాలువలోకి నీళ్ళొచ్చింది జూన్ 4న. ఆ రోజు నేను గట్టు మీదే ఉన్నా. 9న ఎవరూ రాలేదు. అంకెలు చూస్తే మా నోటు పుస్తకంలోవే, అంగుళాలు సెంటీమీటర్లు చేశారు.

లెక్కల_మాస్టారు
మీ కొలత కాపీ కొట్టి వాళ్ళ తారీఖు వేసుకున్నారన్నమాట. పరీక్షల్లో ఇలాంటివాళ్ళని పట్టుకునేవాణ్ణి.

ఉప్పుగాలి
కాపీ కొట్టినా సరైన జవాబు రాశారుగా. మా ఊళ్ళో అదీ లేదు.

లాకుల_గట్టు
తారీఖు తప్పు చిన్నదేం కాదు. ఈసారి మీరు కొలిచారు కాబట్టి 560 అయింది. కొలవకపోతే అదే జూన్ 9 తారీఖుతో 1000 ఉండేది.

పాత_ఎంబుక్
ఆ పేజీ ఫొటో పెట్టండి, సంతకాలు కప్పేసి. లెవెల్ పుస్తకం నంబరు, బెంచ్‌మార్కు (ఆధార మట్టం) ఎక్కడ తీసుకున్నారో చూడాలి. నీళ్ళున్నా స్టాఫ్ (కొలత కర్ర) దింపి తీయొచ్చు, తీయలేరని కాదు. తీసుంటే నీటి మట్టం కూడా రాసి ఉండాలి. రాశారా?

శివారు_మూడెకరాలు
లేదండి. ఆ గడి ఖాళీగా ఉంది.

భీమారం_బుల్లోడు
మిగతా 440 మీటర్లు ఎప్పుడట?

శివారు_మూడెకరాలు
వచ్చే ఏప్రిల్ అన్నాడు అన్నయ్య. గెడ అటక మీద పెట్టాను.